చాలు పుల్ల

మీలో ఎవరైనా కాలువల శాఖలో కొత్తగా చేరి, లాకుల దగ్గర పాత క్వార్టర్సులో ఫ్యాను తిరగక విసుక్కుంటూ ఇది చదువుతుంటే ముందే ఒక మాట చెబుతాను. నేను ఇంజనీరుని కాను. ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరైన లస్కరుని. చివరి ఏడేళ్ళు వర్క్ ఇన్‌స్పెక్టర్ అన్నారు గానీ ఊళ్ళవాళ్ళకి నేనెప్పుడూ లస్కరుగారినే. లస్కరు అంటే ఏంటని మొన్న మా మనవరాలు అడిగింది. కాలువకి కాపలావాడినమ్మా అన్నాను. "కాలువని ఎవరెత్తుకుపోతారు తాతయ్యా?" అంది. అందరూ అన్నాను. అది పకపకా నవ్వింది. నేను నవ్వులాటకి చెప్పలేదు.

సార్వా పంటకి మాతో ఎవరికీ పని ఉండదు. వర్షాలుంటాయి, గోదారి నిండుగా ఉంటుంది, లస్కరు ఎదురుపడితే నమస్కారం కూడా సగమే పెడతారు. మా విలువ తెలిసేది దాళ్వాలో, అంటే రెండో పంటలో. మాఘమాసం వెళ్ళేసరికి ఏట్లో నీళ్ళు తగ్గుతాయి, వంతులు పెడతారు. వంతు అంటే నాలుగు రోజులు ఈ చానలుకి నీళ్ళు, తర్వాత నాలుగు రోజులు ఇంకో చానలుకి. మా చానలు ద్రాక్షారామం దాటాక పెద్ద కాలువ నుంచి చీలి, పదకొండు తూములకి నీళ్ళిచ్చి, చివర మురుగు కాలువ పక్కన ఆగిపోతుంది. మొదటి తూము వాడికి నీళ్ళు అడక్కుండానే వస్తాయి. పదకొండో తూము వాడికి అడిగినా రావు. డెల్టా అంతా ఉన్న కథే అది, మా చానలు ప్రత్యేకం ఏమీ కాదు.

ప్రత్యేకం ఏదైనా ఉందంటే చాలు పుల్ల ఒకటి. ఎప్పటి నుంచి ఉందో నాకు తెలియదు, నేను చేరేటప్పటికే ఉంది. వంతు రోజుల్లో ఎవరి మడి తడిసిందో వాళ్ళు ఒక జీలుగు పుల్ల విరిచి, కొసకి పచ్చగడ్డి ముడేసి, తమ తూము పక్కన గట్టు మీద పాతాలి. అంటే నాకు చాలు, కిందివాళ్ళకి వదలండి అని. లస్కరు సైకిలు దిగక్కర్లేదు, ఎవరినీ పిలవక్కర్లేదు. పుల్ల కనబడితే తూము మూసుకుంటూ పోవచ్చు. నాకు పని నేర్పిన సీనియర్ లస్కరుని నేను గురువుగారూ అనేవాణ్ణి. ఆయన మొదటిరోజే చెప్పారు: "ఎవరి పుల్ల వాళ్ళే పాతాలిరా తమ్ముడూ. లస్కరు పాతకూడదు. మడి దాహం మడిగలవాడికే తెలుస్తుంది."

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు. మా గోదావరి జిల్లాల్లో 'చాలు' అన్న మాటకి విలువ లేదు. పెళ్ళి భోజనానికి వెళ్ళి చూడండి. చాలండి అంటే ఇంకో గరిటె పడుతుంది. అయ్యో చాలండి అంటే రెండు గరిటెలు పడతాయి. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, దాదాపు దాని మీద పడుకుంటే గానీ నమ్మరు. అప్పుడు కూడా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసేవాళ్ళున్నారు. ఇక్కడ చాలు అనేది కొలత కాదు, మర్యాద. మనం అంటాం, ఎదుటివాళ్ళు నమ్మరు, అందరం సుఖంగా ఉంటాం. ఎవరైనా చాలు అనగానే నమ్మేసి గిన్నె ఎత్తుకుపోయాడంటే వాడు పరాయి ఊరివాడైనా అయ్యుండాలి, లేదా వాడికి ఏదో అవసరమైనా ఉండుండాలి.

నాకు అవసరం ఉంది.

అప్పటికి నా సర్వీసు ఇరవై నాలుగేళ్ళు. నాతో చేరినవాళ్ళు ఇద్దరు ఇన్‌స్పెక్టర్లయ్యారు. నాకు మాత్రం అదే సైకిలు, అదే గట్టు, అదే ఖాకీ చొక్కా. సాయంత్రం ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుంటూ మొదలుపెట్టేవాణ్ణి. క్వార్టర్సు కారుతోందని, పైవాళ్ళకి కళ్ళు లేవని, కూరలో ఉప్పు లేదని. మా ఆవిడ ఒకరోజు, "మీరు రోజూ ఏమేం లేవో చెబుతారు. ఉన్నవి కూడా చెప్పండి ఒక్కరోజు, విని పెడతాను" అంది. నాకు ఒళ్ళు మండింది. ఉన్నవేంటి, నీ మొహం అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

ఆ ఏడు నీళ్ళు మరీ తక్కువ. సెక్షనుకి అసిస్టెంట్ ఇంజనీరుగా కొత్త మేడం వచ్చారు, చిన్నపిల్ల, చేరి రెండేళ్ళు కాలేదు. ఆవిడ మా అందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టారు. వంతులో ఏ చానలు శివారుకి, అంటే చిట్టచివరి చేనుకి, నీరందితే ఆ లస్కరు ఫోటో పెట్టాలి. ఆ నెల్లోనే ప్రమోషన్లకి పేర్లు పైకి వెళుతున్నాయని ఆఫీసులో ఎవరో నా చెవిన వేశారు. వంతు మూడోరోజు మధ్యాహ్నం మేడం గ్రూపులో రాశారు: "సాయంత్రంలోగా అన్ని శివార్ల ఫోటోలు కావాలి. మొదట ఎవరు పెడతారో చూస్తాను."

పదకొండో తూము కింద ఉన్నది ఒక అరవై ఏళ్ళావిడ కౌలుకి చేస్తున్న ఎకరంన్నర. పిన్నిగారూ అనేవాణ్ణి. భర్త పోయి రెండేళ్ళు. వాళ్ళ మనుషులు చేపల వేటకి, అమ్మకాలకి పోతారు. ఈవిడ మాత్రం నేల పట్టుకుని కూర్చుంది. ఆ చేను సగం పల్లం, సగం మెరక. వరి చిరుపొట్ట మీద ఉంది. ఆ దశలో తడి అందకపోతే పైరు పచ్చగానే నిలబడుతుంది, ఎన్ను వస్తుంది, లోపల గింజ ఉండదు. అంతా తాలే. ఆ వంతు పోతే మళ్ళీ నీళ్ళు రావడానికి ఎంత లేదన్నా నాలుగైదు రోజులు. ఆ నాలుగైదు రోజులు ఆ మెరక ఆగదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆవిడ తూము దగ్గరే నిలబడి ఉంది. పల్లం సగంలో నీళ్ళు బెత్తెడు లోతున నిలిచాయి. మెరకకి ఎక్కలేదు.

"వచ్చేవా బాబూ! నిన్నట్నించీ ఈ గట్టు మీదే కళ్ళెట్టుకుని కూచున్నాను. ఉండు, మజ్జిగ తాగుదువు గాని" అంది. తాగాను. మోకాళ్ళ దాకా బురద, వీపున చెమట.

"చాలా పిన్నిగారూ?" అన్నాను.

ఆవిడ మెరక వంక ఒక్కసారి చూసింది. తర్వాత నా మోకాళ్ళ వంక చూసింది. "చాలు బాబూ, చాలు. ఇంతమాత్రం తెచ్చావు. అదే పదివేలు" అంది.

ఆ చూపు నేను చూశాను. చూడలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకోవచ్చు గానీ, చూశాను. పెళ్ళి పంక్తిలో ఎవరైనా అలా చాలు అంటే నేనే గిన్నె వంచి వేసేవాణ్ణి. ఇక్కడ మాత్రం పరాయి ఊరివాడిలా నమ్మేశాను. జీలుగు పుల్ల నేనే విరిచాను. గడ్డి ముడి నేనే వేశాను. గట్టు మీద పాతి, వంగి, పుల్లా పల్లంలో నీళ్ళూ మాత్రం పడేలా ఫోటో తీశాను. మెరక ఫోటోలోకి రాలేదు. గ్రూపులో పెట్టిన నిమిషంలో రెండు చేతులు జోడించిన బొమ్మలు, బొటనవేలు బొమ్మలు వరస కట్టాయి. మేడం "వెరీ గుడ్, థాంక్యూ" అని రాశారు. నా సర్వీసులో మొదటిసారి ఒక ఆఫీసరు నాకు థాంక్యూ చెప్పింది ఆ అబద్ధానికే.

పొద్దున్న లేచాక చూస్తే షట్టరు తిప్పే ఇనప హ్యాండిలు లేదు. మజ్జిగ తాగేటప్పుడు పిన్నిగారి గట్టు మీద పెట్టి మరిచిపోయాను. అది లేకపోతే లస్కరు ఏ పనీ చెయ్యలేడు. సైకిలు తీసుకుని వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఆవిడ ఒక ప్లాస్టిక్ బిందెతో పల్లంలో నీళ్ళు ముంచి, మెరక మీదికి మోసుకెళ్ళి పోస్తోంది. ఒక్కొక్క బిందె. మెరకలో నేల నెర్రెలు విచ్చి ఉంది. పోసిన నీళ్ళు పోసినట్టే నెర్రెల్లోకి పోతున్నాయి. నేను పాతిన పుల్ల మాత్రం గట్టు మీద ముడి చెదరకుండా నిలబడి ఉంది.

నన్ను చూసి ఆవిడ బిందె దించేసింది, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు. "హ్యాండిలు కోసం వచ్చేవా? తీసి పాకలో ఎట్టాను బాబూ, ఎవరైనా పట్టుకుపోతారేమోనని" అంది.

"పిన్నిగారూ, నిన్న చాలన్నారు కదండీ?"

"అన్నాను."

"మరి ఇదేంటండి?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "నాలుగు మైళ్ళు గట్టెంట బురదలో నడిచొచ్చి నీళ్ళు తెచ్చినవాడివి. నీ మొహం మీద చాల్లేదని ఎలా అంటాను బాబూ? నోరెలా వస్తుంది? ఈమాత్రం కూడా రాని ఏళ్ళున్నాయి."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడకి నా మీద కోపం లేదు, ఉన్నది కృతజ్ఞత. ఆ కృతజ్ఞతనే నేను చేనికి బదులు ఫోటో తీసి పంపాను. పుల్ల పీకేశాను. విరిచి మురుగు కాలువలో పారేశాను. అది నాలుగోరోజు ఉదయం ఏడు గంటలు. సాయంత్రం ఆరింటికి వంతు అయిపోతుంది, పైన షట్టరు దింపెయ్యాలి. మధ్యలో పదకొండు గంటలున్నాయి. ఆ మెరక తడవాల్సిందే అనుకున్నాను. ఉద్యోగంలో అంత గట్టిగా ఏదైనా అనుకోవడం నాకు అదే మొదలు.

ముందు మేడం దగ్గరకి వెళ్ళాను. ఫోటో తప్పండి, శివారు సగమే తడిసింది, పుల్ల నేనే పాతాను అన్నాను.

"ఇప్పుడు చెబుతారేంటండి? రాత్రే పైకి పంపించేశాను. మీ పేరు రాసి మరీ పంపాను."

"ఆయ్, తెలుసండి. నా తప్పేనండి."

"ఇది కాగితం మీదికి వస్తే మీకే నష్టం. తెలుసా?"

"తెలుసండి. నాకు సాయంత్రం దాకా టైమివ్వండి, చాలు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే వింతగా అనిపించింది. మేడం గోడ గడియారం చూశారు. "ఆరు అంటే ఆరే. ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఇవ్వను. కింది చానలు వాళ్ళవి కూడా పైర్లే" అన్నారు. న్యాయమైన మాట. చిన్నపిల్ల అనుకున్నాను గానీ ఆవిడ దగ్గర కొలత సరిగ్గా ఉంది.

బయటికి వస్తే గురువుగారు మోపెడ్ మీద కూర్చుని ఉన్నారు. ఆ నెలాఖరుకి ఆయన రిటైర్మెంటు. జరిగింది చెప్పాను. ఆయన బీడీ పారేసి, "చాల్లేనిచోట చాలంటే కోతలనాడు తాలేరా తమ్ముడూ. ఇరవై నాలుగేళ్ళుగా చెబుతున్నాను, ఇప్పటికి ఎక్కింది" అన్నారు. అని ఊరుకోలేదు. "అడ్డం ఎక్కడుందో నేను చూస్తాను. నువ్వు తూములు చూడు" అని మోపెడ్ తిప్పారు.

నేను మొదటి తూము నుంచి మొదలుపెట్టాను. మొదటి మూడు తూముల దగ్గర పుల్లలున్నాయి, తూములు మాత్రం నాలుగు వేళ్ళ సందున తెరిచే ఉన్నాయి. పుల్ల పాతి కూడా తూము మూయని మహానుభావులు. వాళ్ళతో పెద్దగా పేచీ రాలేదు. ఒకాయన, "కాస్త తడి ఆరకుండా ఉంటుందని వదిలానండి, అంతే" అన్నాడు. మడిలో కప్పలు ఈదుతున్నాయి. మూసేశాను.

నాలుగో తూము దగ్గర పుల్ల లేదు. దాని కింద పన్నెండు ఎకరాల ఆసామి ఒకాయన. నీటి సంఘంలో పెద్దమనిషి, మంచి మాటకారి, మర్యాదస్తుడు. ఆయన మడులు నిండి, గట్టు పొర్లి, నీళ్ళు అవతలి మురుగులోకి దూకుతున్నాయి. ఆయన పాలేరుని అడిగితే, "అయ్యగారు చెప్పందే మూయకూడదండి" అన్నాడు. ఇంటికి వెళ్ళాను. అప్పటికి పన్నెండు దాటింది.

"రండి లస్కరుగారూ, రండి. సమయానికొచ్చారు. భోంచేసి మాట్లాడుకుందాం" అన్నాడాయన. వద్దండీ అంటే వినలేదు. మా వైపు వద్దు అన్నదానికీ విలువ లేదు. కూర్చోబెట్టి ఆకు వేశారు. ముద్దపప్పు, ఆవకాయ, పనసపొట్టు కూర. నాకు ప్రాణం అంతా ఆ మెరక మీద ఉంది. గబగబా నాలుగు ముద్దలు తిని చాలండి అన్నాను. ఆయన స్వయంగా ఇంకో గరిటె కూర వేశాడు. చాలండి అని చేతులు అడ్డం పెట్టాను. వేళ్ళ మీద వేశాడు.

నా చేతుల మీంచి కూర ఆకులోకి జారుతుంటే చూసి, ఆగలేకపోయాను. "ఏమండీ, నేను చాలంటే మీరు నమ్మట్లేదు. అది మర్యాద, బాగుంది. మీ చేను పొద్దుట్నించీ చాలు మొర్రో అని మురుగులోకి కక్కుతోంది. దాన్నీ నమ్మట్లేదు. అక్కడ శివారులో ఒకావిడ బిందెతో మోసుకుంటూ చాలు అంది. ఆవిణ్ణి మాత్రం మనందరం వెంటనే నమ్మేశామండి."

గరిటె ఆయన చేతిలోనే ఉండిపోయింది. వంటింటి గడప దగ్గర ఆయన భార్య నిలబడి ఉంది. ఒకరి ఆకు ముందు కూర్చుని అలా మాట్లాడటం మా ప్రాంతంలో చిన్న తప్పు కాదు. నా చెవులు వేడెక్కాయి గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

"తినండి ముందు. ఆకు ముందు పేచీలొద్దు" అన్నాడాయన, నా వంక చూడకుండా. నేను తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆయన మోటారుసైకిలు స్టార్టు చేసి ఉంచాడు. వెనక ఎక్కమన్నాడు. చేను దగ్గర దిగి, మురుగులోకి దూకుతున్న నీళ్ళ వంక చూశాడు. తూము పలక తనే దించాడు. జీలుగు పుల్ల కోసం అటూ ఇటూ చూసి, తనే విరిచి, గడ్డి ముడేసి పాతాడు. ముడి వెయ్యడం రాలేదు, రెండుసార్లు జారింది. నేను సాయం చెయ్యలేదు. ఎవరి పుల్ల వాళ్ళే పాతాలి.

ఆయన పుల్ల చూశాక మిగతా తూములవాళ్ళు నన్ను ఎక్కువ మాట్లాడించలేదు. మూడు గంటలకల్లా పది తూములూ మూశాను. అయినా శివారుకి నీళ్ళు కదలట్లేదు. తొమ్మిదికీ పదికీ మధ్య రోడ్డు కింద కల్వర్టు ఉంది. అక్కడ గుర్రపుడెక్క కుక్కినట్టు పట్టి ఉంది. గురువుగారు అప్పటికే చొక్కా విప్పి ఛాతీ లోతు నీళ్ళలో ఉన్నారు, కొడవలితో కోసి ఒడ్డుకి విసురుతున్నారు. నెలాఖరుకి దండలేసి పంపాల్సిన మనిషి. నేనూ దిగాను. కాసేపటికి పిన్నిగారు కూడా వచ్చి ఒడ్డున చేరి లాగడం మొదలుపెట్టింది. ముగ్గురం గంటన్నర లాగాం. నా అరచేతులు చీరుకుపోయాయి. "ఎందుకండీ మీకీ బాధ, మీరు ఇంకో పది రోజుల్లో వెళ్ళిపోయేవారు" అన్నాను గురువుగారితో. "అందుకేరా. ఈ నీళ్ళలో దిగే రోజులు ఇంకా పదే ఉన్నాయి నాకు" అన్నారు. ఆ మనిషికి ప్రమోషన్ రాలేదు. క్వార్టర్సు నాదానికన్నా ఎక్కువ కారేది. ఒక్కరోజు కూడా ఆయన నోట ఆ మాట వినలేదని నాకు ఆ నీళ్ళలో నిలబడ్డప్పుడే తట్టింది.

నాలుగున్నరకి కల్వర్టు గుక్క తిప్పుకుని నీళ్ళు వదిలింది. పిన్నిగారు నీళ్ళకంటే ముందు గట్టు వెంట పరిగెత్తింది. గురువుగారు మోపెడ్ మీద పైన షట్టరు దగ్గరకి వెళ్ళారు, సరిగ్గా ఆరింటికి దింపడానికి. అయిదున్నరకి పల్లం మోకాలిలోతు నిండింది. మెరకకి ఇంకా జానెడు ఎత్తు మిగిలిపోయింది. నీళ్ళు వాటంతట అవి ఎక్కవు. నీళ్ళు తోడే ఇంజన్లన్నీ ఎగువ ఊళ్ళలో ఆడుతున్నాయి.

"గూడ ఉంది బాబూ" అంది ఆవిడ. "ఆయన ఉన్నప్పుడు ఇద్దరం వేసేవాళ్ళం. ఒక్కదాన్నీ ఎలా వెయ్యను?"

గూడ అంటే మీలో చాలామంది చూసి ఉండరు. రేకు తొట్టి, రెండు వైపులా రెండేసి తాళ్ళు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఊపుతూ పల్లంలో ముంచి మెరకలోకి పొయ్యాలి. పంపిణీ చేసే శాఖలో ఇరవై నాలుగేళ్ళున్నాను గానీ, ఒక్క చెంబుడు నీళ్ళు నా చేత్తో చేనికి పోసిన పాపాన పోలేదు. ఆవిడ పాక చూరులోంచి గూడ తీసింది. నేను తాళ్ళు పట్టుకుని బలమంతా పెట్టి లాగాను. సగం నీళ్ళు నా మీదే పడ్డాయి.

"లాగకు బాబూ, ఊపు. దాన్ని వెళ్ళనీ, అదే వస్తుంది" అంది.

ఊపాను. పదిసార్లకి లయ దొరికింది. ఆరింటికి ఫోను మోగింది, గురువుగారు. షట్టరు దింపేశాను అన్నారు. పల్లంలో ఉన్న నీళ్ళే ఇక మాకు. నెర్రెలు ముందు మింగాయి, తర్వాత మెల్లగా పూడుకున్నాయి. తడి మెరక మీద ఒక చీర కుచ్చెళ్ళంత వెడల్పున మొదలై పాకుతోంది. నా భుజాలు నావి కాకుండా పోయాయి. ఒకచోట ఆగి, ఊపిరి తీసుకుని అడిగాను.

"చాలా పిన్నిగారూ?"

ఆవిడ మెరక వంక చూసింది. నా చేతుల వంక చూసింది, అరచేతుల్లో నెత్తురు కనబడుతోంది. నాకు భయం వేసింది, మళ్ళీ చాలంటుందేమోనని.

"చాల్లేదు బాబూ" అంది.

నిజం చెబుతున్నాను, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తాడు మళ్ళీ పట్టుకున్నాను. చీకటి పడకముందే తడి అవతలి గట్టుని తాకింది. ఆవిడ మెరకలోకి దిగి, పాదం పెట్టి చూసుకుని, ఇంకోచోట పెట్టి చూసుకుని, నాలుగుచోట్ల చూసుకుంది. అప్పుడు వెళ్ళి జీలుగు పుల్ల విరిచింది. గడ్డి ముడేసి, తన చేత్తో తన తూము పక్కన పాతింది. "ఇప్పుడు చాలు" అంది. నేను ఫోటో తియ్యలేదు.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి కదా. తప్పు ఫోటోకి నాకు మెమో వచ్చింది. రాసింది మేడమే, రాయకపోతే ఆవిడకి మాట వచ్చేది. ప్రమోషన్ రెండేళ్ళు వెనక్కి పోయింది. నాలుగో తూము ఆసామి మూడేళ్ళు నన్ను పలకరించలేదు. మళ్ళీ భోజనానికి ఇప్పటికీ పిలవలేదు. ఆ పనసపొట్టు కూర మాత్రం బాగుంటుంది, అది గుర్తొస్తే కష్టంగానే ఉంటుంది. పిన్నిగారి చేను ఆ దాళ్వాకి నిండుగా పండింది. మెరకలో ఎన్నులు పల్లంలోవాటికంటే బరువుగా వంగాయి.

ఆ రోజు ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కుంటుంటే మా ఆవిడ రోజూలాగే ఎదురుచూసింది, ఏమేం లేవో చెబుతానని. ఉన్నవి చెబుతాను విను అన్నాను. సైకిలుంది అన్నాను. గురువుగారున్నారు అన్నాను. చేతులకి పసుపు రాసే మనిషుంది అన్నాను. నాలుగోది వెతుక్కోవాల్సి వచ్చింది, అలవాటు లేదు కదా. అప్పట్నుంచి రోజూ పొద్దువాలే వేళకి వెతుక్కుంటున్నాను. ఇప్పుడు వెతుక్కోనక్కర్లేకుండానే వస్తున్నాయి. కొన్ని రోజులు మాత్రం ఏదో ఒకటి నిజంగా చాలదు. ఆ రోజు చాల్లేదు అనే చెబుతాను. ఎండిన మడిలో పుల్ల పాతి తృప్తి అని పేరు పెడితే అది తృప్తి కాదు, తాలు. అలాగే మడి పొర్లుతుంటే పుల్ల పాతకపోవడం కూడా తప్పే. మీ చేను ఏదో మీరే దిగి, పాదం పెట్టి చూసుకోండి. పక్కవాడి చేను గట్టు మీంచి చూసి చెప్పకండి.

మరుసటి దాళ్వాలో మళ్ళీ వంతులు పెట్టారు. మూడోరోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. ఫోను మోగింది. పిన్నిగారు. అన్నేళ్ళ సర్వీసులో ఎన్నో చేతులు నాకు దండాలు పెట్టాయి, ఎన్నో బొమ్మలు గ్రూపులో దండాలు పెట్టాయి. వాటిలో ఏదీ ఈ మాటకి సాటిరాదు.

"బాబూ, నేను. ఇంకా చాల్లేదు" అంది.

ఆకు ముందు నుంచి లేవకూడదంటారు. లేచి సైకిలు తీశాను.